నాయన గొడుగు, నా బండి కమాన్ కట్టలు

నాకు కోపం వస్తే తొందరగా పోదు. పదేళ్ల కిందట ఒక పెళ్లి పంక్తిలో నాకు గారె వడ్డించకుండా దాటిపోయినవాణ్ణి ఇప్పటికీ పలకరించను. అలాంటి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తే ఊరుకుంటానా?

మా ఊరు బంగారుపాళ్యం దగ్గర. గుడి పల్లకీ మోయడానికి భుజాలు దొరక్క, సామిని పికప్ బండి మీద ఊరేగించడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. మొదటి నుంచీ ఆ బండి నాదే. సామికి గొడుగు పట్టే సేవ మా వంశానిది, వేరేవాళ్లు ఆ కర్ర ముట్టకూడదు. నలభై ఏళ్లుగా నాయనే ఆ సేవ చేస్తున్నాడు. "నా కొడుకు బండి, నా గొడుగు" అని చెప్పుకోవడానికి ఆయన ఆ ఒక్క సాయంత్రం కోసం ఏడాదంతా ఎదురుచూసేవాడు.

మిగతా రోజుల్లో అదే బండిలో మామిడికాయలు పల్ప్ ఫ్యాక్టరీకి తోలేవాణ్ణి. మోయాల్సినదానికన్నా ఎక్కువే వేసేవాణ్ణి, అబద్ధమెందుకు. వెనక చక్రాల మీద బరువు మోసేవి కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఇనుప పట్టీలు. ఒక ఏడాది కుడివైపు కట్ట సత్తువ చచ్చి కుంగిపోయింది. ఆ ఏడాది ఊరేగింపులో బండి కుడికి వాలింది, బండితోపాటు సామీ వాలాడు. మా పెద్దనాయన కొడుకు, నాకు అన్న వరస, జనం మధ్య నిలబడి భక్తిగా చేతులు జోడించాడు.

"సామి ఎవురి సెవిలోనో ఏందో సెప్పేకి వంగినాడు, వినుకోండప్పా."

వీధి వీధంతా నవ్వింది. నాయన గొడుగు కర్ర గట్టిగా పట్టుకుని తల దించుకున్నాడు. వచ్చే ఏడాది ఏ బండి బాగుంటే ఆ బండిలోనే సామి అని గుడి పెద్దలు తేల్చేశారు. అన్న దగ్గర కొత్త పికప్ ఉంది.

ఆ నవ్వు నన్ను ఏడాదంతా వదల్లేదు. అన్నం కలుపుకుంటుంటే కూడా వినబడేది.

చిత్తూరులో కమాన్ కట్టలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పోయి, రెండువైపులా రెండేసి పట్టీలు ఎక్కువ వేయమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం తోల్తావు?"

"సామిని."

"సామి బరువెంతప్పా? పట్టీలు ఎక్కువైతే, బరువు లేనప్పుడు బండి ఎగుర్తాది. మూటలేస్తే సరే. సామిని కూకోబెడితే గుంత గుంతకీ ఎగరేస్తాది."

కట్టలు విప్పి, కుంగిన పట్టీలు తీసేసి, అన్నే, అంతే మందమున్న కొత్తవి వేశాడు. కట్టల చివర్లలో అరిగిన రబ్బరు బుష్షులు మార్చాడు. రెండువైపులా వంపు సమానంగా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు కొలిచాడు. ఆఖరికి వెనక తొట్టిలో ముప్పావు చెంబు నీళ్లు పెట్టి, "పో, ఒక సుట్టు సుట్టుకోని రా" అన్నాడు. తిరిగొచ్చి చూస్తే చుక్క కింద పడలేదు. ఆ సంగతి నాయనకు పదిసార్లు చెప్పుకుని మురిసిపోయాను.

వారం తిరక్కుండా అన్న టీ అంగడి దగ్గర నన్ను ఆపాడు.

"చిత్తూరికి పొయ్యొచ్చినావంట. ఎన్ని పట్టీలు ఎక్కువ ఏయించినావు రా?"

పెద్దాయన మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"రెండేసి" అన్నాను.

వాడి సంగతి నాకు తెలుసు. నేను రెండంటే వాడు మూడు వేయిస్తాడు. వేయించాడు. వాడి బండి వెనకభాగం ఎత్తుకుని, పొడవడానికి వంగిన పొట్టేలులా నిలబడింది. కొత్త బండి, ఎత్తుగా ఉంది, సామి దూరానికి కూడా కనిపిస్తాడని పెద్దలు దాన్నే ఖాయం చేశారు. నేను కిమ్మనలేదు. లోపల మాత్రం పండగ చేసుకున్నాను.

సామి ఏ బండి ఎక్కితే నాయన ఆ బండే ఎక్కుతాడు. అది మరిచిపోయానంటే ఎవరూ నమ్మరు. కానీ నిజం, అన్న మొహం మాడిపోవడం తప్ప నాకేమీ కనబడలేదు.

ఊరేగింపు నాడు చిన్న గుంతకే వాడి బండి తుళ్లిపడింది. పూజారి సామిని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. జనంలో నవ్వు మొదలైంది. ఏడాదిగా నేను కాచుకున్నది ఆ నవ్వు కోసమే, ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. తర్వాత బడి ముందు స్పీడ్ బ్రేకర్ వచ్చింది. వెనక చక్రాలు ఎగిరిపడ్డాయి. నాయన మోకాళ్ల మీద పడ్డాడు. గొడుగు వదల్లేదు. గొడుగు పట్టిన ఆ చేతి మణికట్టే తొట్టి అంచుకు కొట్టుకుంది.

ఆయన్ను దించి బడి అరుగు మీద కూర్చోబెట్టేసరికి చెయ్యి బూరెలా వాచింది. సామిని నా బండిలోకి మార్చమన్నారు పెద్దలు. మీ ఇద్దరిలో ఒకరు తోలండి, ఒకరు గొడుగు పట్టండి అన్నారు. నేను గొడుగు కోసం ముందుకు నడిచాను. అప్పటికే అన్న మా నాయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు.

"తమ్ముడు రెండన్నాడు సిన్నాయనా. సామి మా బండిలో ఇంగా బాగుండల్లని నేను మూడు ఏయించినా."

నాయన నావైపు చూశాడు. "నీ బండికి ఎన్ని ఎక్కువేయించినావు రా?"

"ఒకటీ లేదు నాయనా."

ఆయన ఎడమచేత్తో గొడుగు తీసి అన్న చేతికిచ్చాడు.

"నువ్వు బండి తోలుకో, పో" అన్నాడు నాతో.

గుడిదాకా ఇంకా నాలుగు స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి. సామి క్షమిస్తాడో లేదో గానీ, నాలుగింటి మీదా కావాలనే కాస్త వేగంగా పోనిచ్చాను. ప్రతిసారీ అద్దంలో చూశాను. వాడి చేతిలో గొడుగు కదల్లేదు. చిత్తూరు పెద్దాయన పని అంత బాగా చేసి పెట్టాడు.