అగ్గికి ముందు పిలుపు

మా పుట్టిల్లు బీచుపల్లి దగ్గర. ఏటి ఒడ్డున నిలబడి పిలిస్తే అవతలి గట్టు మీద గొర్రెలు కాసేవాడు తల తిప్పేవాడు, అంత గొంతు నాది. "దీన్ని చేసుకునేటోడు చెవులల్ల దూది పెట్టుకోవాలె" అని మా నాయన నవ్వేవాడు. పెళ్లి చేసి లింగాల వైపు పంపేటప్పుడు మా అమ్మ ఒక్కటే చెప్పింది: "నీ గొంతు మీ మామ చెవుల పడొద్దు బిడ్డా. పడ్డదంటే నన్నే అంటరు." అమ్మ చెప్పినవి వంద పెడచెవిన పెట్టినదాన్ని, ఆ ఒక్కటీ ఎందుకు విన్నానో నాకిప్పటికీ అర్థం కాదు.

అత్తగారిది అడవి అంచు ఊరు. కింద ఉన్న చెలక భూమి ఇంటికి చాలక మామ, ఇద్దరు బావలు, మా ఆయన కలిసి గుట్ట వాలులో పోడు కొట్టారు. నల్లరేగడిలో పెరిగిన నాకు పోడు కొత్త. చలికాలం చివర చెట్లు నరికి అక్కడే పడేశారు. ఎండలన్నీ వాటి మీదే కాశాయి. ఇక వానలకు ముందు కాల్చి, ఆ బూడిదలో జొన్న చల్లాలి. ఇంత అడవిని కాల్చుకుని తినడమేమిటని అడిగితే, "తినేటప్పుడు గూడ గిదే అడుగు" అన్నాడు మా ఆయన. తినేటప్పుడు నేనేమీ అడగలేదు.

కాల్చే ముందు ఒక పద్ధతి ఉంది. ఇంటి ఆడమనిషి నరికిన చోటు చుట్టూ తిరిగి పిలవాలి. "కాళ్లున్నోళ్లు, రెక్కలున్నోళ్లు, పొట్టతోని పాకేటోళ్లు, అగ్గి వస్తున్నది, పిల్లల్ని తీసుకొని జరుగుండ్రి" అని. డప్పు కొట్టకూడదు. డప్పుకు బెదిరి ఉన్నచోటే అణిగిపోతాయట. మనిషి గొంతయితే అది ఏ దిక్కు నుంచి వస్తుందో పోల్చుకుని, రెండో దిక్కుకు పోతాయట. ఇన్నేళ్లూ అత్తమ్మే పిలిచేది. ఆ ఏడు ఆమె అరికాల్లో ముల్లు దిగి పాదం వాచింది. గుట్ట కింద ఇప్పచెట్టు దాకా ఎలాగో నడిచి వచ్చి అక్కడ కూలబడింది. "నువ్వు పోయి పిలువు బిడ్డా. గట్టిగ పిలువు. తొందరేం లేదు" అంది.

నేను బయలుదేరాను. ఒక మూల మామ, ఇంకో రెండు మూలల్లో బావలు, నాలుగో మూల మా ఆయన, చేతుల్లో కాగడాలతో నిలబడి ఉన్నారు. పెళ్లయి మూడు నెలలు. మామ, బావల ముందు ఒక్కమాట మాట్లాడి ఎరగను. నోరు తెరిచాను, గొంతు రాలేదు. పెద్ద బావను దాటాక పిలుద్దామనుకున్నాను. ఆయన్ను దాటితే చిన్న బావ ఉన్నాడు. చిన్న బావను దాటితే మామ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ మాటలే పెదవులతో అనుకుంటూ చుట్టంతా తిరిగి వచ్చాను. పడమట వాన మొగులు కమ్ముకుంటోంది.

"అయ్యిందా బిడ్డా?" అన్నాడు మామ. తలూపాను. ఆయన ఒకసారి ఇప్పచెట్టు వైపు చూసి, కాగడా కిందికి వంచాడు.

నాలుగు వైపులా ఒక్కసారే అంటుకుంది. పొగ మధ్యలో నుంచి ఒక నెమలి అరుపు వినబడింది. ఒక్క అరుపే. సాయంత్రం వాన పడింది, ఇంట్లో అందరూ సంతోషించారు. అత్తమ్మ మాత్రం వాచిన పాదాన్ని చూసుకుంటూ, "నేను పోయుంటే గిట్ల అయ్యేది గాదు" అంది. అప్పుడే నిజం చెప్పాల్సింది. అన్నం వడ్డించాను.

కలుపు తీసేటప్పుడు నాకు దొరికింది ఆ అరుపు వచ్చిన చోటు. నేలలో చిన్న గుంట, అందులో మాడిన గుడ్లు ఐదు, వాటి మీద పక్షి కాళ్లు. లేవలేదది. మట్టి కప్పి, పక్క సాలులోకి జరిగాను. ఆ ఏడు జొన్న నా తలకంటే ఎత్తు పెరిగింది.

రెండో ఏడు నడుము దాకా వచ్చింది. మూడో ఏడు మోకాలు దాటలేదు. వాన పడ్డప్పుడల్లా గుట్ట నుంచి ఎర్రటి నీళ్లు దిగి వాగులో కలిసేవి, మా మట్టి అలా మా కళ్ల ముందే పోయింది. వేర్లు లేని నేల మట్టిని పట్టుకోదని నాకిప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, పిలవని పిలుపే గుట్టను తినేస్తోందని గట్టిగా నమ్మాను. గుట్ట కింద వేసవిలో కూడా ఊరే చెలిమె ఎండింది. నాలుగో ఏడు అందరూ పోడు వదిలేశారు. అత్తమ్మ అయితే ఆ అగ్గి తర్వాత గుట్ట ఎక్కనే లేదు. కాలు నొప్పి అనేది. పాదం ఎప్పుడో మానింది.

ఇరవై ఏళ్లు దాటాయి. మామ పోయాడు. కల్వకుర్తి లిఫ్టు కాలువ నీళ్లు కింది ఊళ్లకు వచ్చాయి, ఆ గుట్టకు మాత్రం ఎక్కవు. గుట్ట మీద ఉండాల్సిన నెమళ్లు పల్లిచేలల్లో తిరుగుతున్నాయి. వానకు ముందు అవి అరిస్తే అందరికీ సంబరం, నేను లోపలికి పోయి తలుపు వేసుకుంటాను.

పోయిన ఎండాకాలం ఆ వాలులోనే మొక్కలు నాటడానికి గుంతలు తీసే కూలికి వెళ్లాను. గడ్డపార జానెడు దిగగానే రాయికి తగిలి మోగింది. పక్కన తవ్వినా అంతే. జొన్న నా తలకంటే ఎత్తు పెరిగిన చోటే అది. పని వదిలేసి ఇంటికి వచ్చాను. అత్తమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది.

"అత్తమ్మా, ఆ దినం నేను పిలువలే" అన్నాను. "సిగ్గుపడ్డ. చుట్టు తిరిగొచ్చిన గంతే."

చాట ఆగలేదు. "నాకు తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"ఇప్పచెట్టు కింద చెవులు గటే పెట్టి కూసున్న. నీ గొంతు ఇనరాలే. మీ మామ నా దిక్కు చూసిండు. మొగులు వస్తుండె. తడిస్తె కట్టె అంటుకోదు, ఆ ఏడు తిండి ఉండదు." చాట కింద పెట్టింది. "నేను గూడ తలకాయ ఊపిన బిడ్డా."

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు నన్నొక్కదాన్నే మోయనిచ్చిందని కోపం. చాట లాక్కుని మిగిలిన కందులు నేనే చెరిగాను.

"ఒక్కపారి పిలువు" అంది. "నీ గొంతు ఏటి అవుతలికి ఇనొస్తదని మీ నాయన అనేటోడు. నేను ఒక్కనాడన్న ఇనలే."

వాకిట్లో గుట్ట వైపు తిరిగి నిలబడి పిలిచాను. కాళ్లున్నవాళ్లను, రెక్కలున్నవాళ్లను, పాకేవాళ్లను, పిల్లల్ని తీసుకుని జరగమని, నా గొంతు ఎంతుందో అంతా తీసి పిలిచాను. బోడిగుట్టకు తగిలి నా మాటలే వెనక్కి వచ్చాయి. ఒక్క పిట్ట కూడా లేవలేదు.

పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసి, "ఎవర్ని పిలుస్తున్నవ్ వదినా?" అంది. అత్తమ్మ గుట్ట వైపే చూస్తోంది.