చెరుకు పిప్పి గడ్డి, నల్ల రోడ్డు

జహీరాబాద్ చుట్టుపక్కల నా అంత నున్నగా రోడ్డు వేసిన కాంట్రాక్టరు ఇంకొకడు లేడు. గుంత లేదు, గతుకు లేదు, వానకు కొట్టుకుపోయింది లేదు. పొడవు మాత్రం అడక్కండి. అడిగితే చెప్పక తప్పదు: ఆ రోడ్డంతా కలిపి ఒక బల్ల మీద పట్టింది. వాన కూడా పడలేదు, చర్చి లోపల కదా.

మా చర్చిలో క్రిస్మస్‌కు ఒక బల్ల మీద పశువుల పాక పెడతారు. వేలెడంత గొర్రెలు, గొల్లలు, ఒంటెల మీద జ్ఞానులు. కింద నేల పని చాలా ఏళ్లుగా నా బామ్మర్దిది. నేలంటే ఏముంది, ఆకుపచ్చ కాగితం పరిచి మూలల్లో టేపు అంటించడమే. నిరుడు నేను ఊరుకోలేక, "ఇది గడ్డా, దావత్‌ల బల్ల మీద పరిచే కాగితమా?" అన్నాను. పక్కనే ఉన్న సంఘ పెద్ద విన్నాడు.

"అయితే మల్లొచ్చే పండుగకు నువ్వే చెయ్యి. మంచిగుంటే ఇగ ప్రతి ఏడు నీదే. లేకుంటే కాగితమే," అన్నాడు.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో రంగులు వేసి రిటైరైనవాణ్ణి. కాగితానికి ఓడిపోతే బజారులో ముఖం ఎట్లా చూపించను?

థర్మోకోల్‌ను చదరపు పలకలుగా కోశాను. ప్రతి పలక మీదా రోడ్డు ఒక అంచుకు నడిమధ్యలో మొదలై, ఇంకో అంచుకు నడిమధ్యలోనే ముగియాలి. అప్పుడు ఏ పలక పక్కన ఏది పెట్టినా దారి కలుస్తుంది. రోడ్డుకు నల్లటి గరుకు కాగితం అంటించాను, ఫ్యాక్టరీలో ఇనుమును రుద్దిన కాగితమే. చెయ్యి ఊరుకోక నడుమ తెల్ల గీతలు కూడా గీశాను.

గడ్డి దగ్గర నా తెలివి పొంగింది. రంపపు పొట్టు అందరూ వాడతారు. నేను చెరుకు రసం బండి దగ్గర పిప్పి తెచ్చి, ఎండబెట్టి, దంచి, ఆకుపచ్చ రంగు కలిపి గమ్ము మీద చల్లాను. పోచ పోచ లేచి నిలబడింది. పలకలన్నీ వరండాలో పరిచి, పొద్దున్నే వచ్చి చూడమని బామ్మర్దికి కబురు పెట్టాను.

పొద్దున అతను వచ్చేసరికి గడ్డి కదులుతోంది. గాలికి కాదు. చీమలు.

"బావా, నీ బెత్లెహేముల జనం మస్తుగున్నరు," అన్నాడు తాపీగా. "గీ తెల్ల గీతలేంది? జ్ఞానులు హైవే మీద బొంబాయి పోతున్నరా?"

"ఎడమ దిక్కు పోతరు. నీ లెక్క అడ్డం పోరు."

"సరే తీ. కాగితం నేను తెస్త, ఫికర్ చెయ్యకు."

అతను పోయాక నా భార్య చేటతో వరండాలోకి వచ్చింది. "చెరుకు తియ్యగుంటదని గూడ తెల్వదా నీకు? పిప్పిని ఉడకబెట్టు. తీపి పోయేదాక నీళ్లు మార్సుకుంట ఉండు. జర నాలిక మీద ఏసుకొని సూడు, తెలుస్తది."

గడ్డంతా గీకేసి మళ్లీ మొదలుపెట్టాను. గడ్డి తిన్న కాంట్రాక్టర్లు లోకంలో ఉన్నారు గానీ, ఉడకబెట్టి రుచి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పండుగకు ముందురోజే చర్చిలో పలకలు పరిచాను. క్రిస్మస్ పొద్దున బామ్మర్ది చంకలో కాగితం చుట్ట పెట్టుకుని వచ్చాడు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే, అతను మాత్రం కళ్లద్దాలు సర్దుకుని గడ్డిలో వెతికాడు. నాకెట్లా తెలుసంటారా, నేనూ కళ్లు మూయలేదు.

ఒక్క చీమ లేదు.

సంఘ పెద్ద వంగి చూశాడు. "గీతలు గూడ ఉండనియ్యి. ఒంటెలు మంచిగ లైన్ల పోతున్నయి. ఇగ ప్రతి ఏడు నీదే," అన్నాడు.

చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ రోడ్డు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిందని చెప్పాను. ఉడకబెట్టే ఉపాయం నాదేనని కూడా చెప్పేవాణ్ణే, నా భార్య పక్కనే నిలబడి ఉంది. నిజానికి ఒక చోట రోడ్డు వేలెడు పక్కకు పోయింది. దాని మీద లావుపాటి ఒంటెను కూర్చోబెట్టాను.

"గా ఒంటెను జర లేపుదామా బావా?" అన్నాడు బామ్మర్ది.

"దూరం నుంచొచ్చింది, అలసిపోయింది. పండనియ్యి."

అతను నవ్వి, కాగితం చుట్ట విప్పి కేకు ప్లేట్ల కింద పరిచాడు. మేం తినడం అయ్యేలోపే ఎక్కడెక్కడి చీమలన్నీ ఆ కాగితం మీదికి వచ్చాయి.