బుద్రి తెచ్చిన కట్టెలు

మూడేళ్ల కిందట, వానాకాలం. అనంతగిరి మండలంలో జీపు దిగాక గంటన్నర నడిస్తే వచ్చే గూడెం అది. నేను అక్కడి ఏఎన్ఎంని, అంటే గడప గడపకూ తిరిగే నర్సుని. అప్పటికే మోకాళ్లు నా మాట వినడం మానేశాయి.

మా ఉద్యోగంలో ఇంగ్లీషు మాటలకు కొదవలేదు. నీళ్లు మరిగించడమూ బాయిలే, ఒంటి మీద లేచే సెగగడ్డా బాయిలే. ఆగిన జీపు గుర్రుమంటుంటే ఇంజన్ ఐడిల్‌లో ఉందంటాడు డ్రైవరు. మేం కాసేపు కూలబడితే ఐడిల్‌గా ఉన్నామంటారు పై ఆఫీసరు. ఇక బెడ్ రెస్ట్ అంటే మంచం దిగకుండా ఉండడం. ఆ మాటే ఆ గూడెంలో బుద్రి అనే అమ్మాయి గర్భిణి కార్డు మీద రాశాను.

బుద్రికి తొలి కాన్పు, ఏడో నెల. బిడ్డ మాయ గర్భసంచిలో బాగా కిందికి ఉందని స్కానింగులో తేలింది. బరువులెత్తితే రక్తం పోయే ప్రమాదం. పైగా గూడెంలో విరేచనాలు మొదలయ్యాయి. "పనికెళ్లకు, పడుకో. నీళ్లు బాగా మరిగించి తాగు" అని చెప్పి, వాన ముంచుకొస్తోందని బయల్దేరిపోయాను.

పది రోజులకు కబురొచ్చింది, రక్తం పోతోందని. వెళ్లేసరికి పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయి. గోడవారన నడుమెత్తు కట్టెలు.

"ఇవెవరు తెచ్చారే?"

"నానే, సిస్టరమ్మా. నీళ్లు మరగబెట్టమన్నావు కదా. వానకి అన్నీ తడికర్రలే. ఒక మోపు సాల్లేదు, రోజుకి రెండు తెచ్చినాను."

"పనికెళ్లొద్దన్నానా లేదా!"

"ఎల్లలేదు. కాఫీ తోటకి ఒక్కరోజూ ఎల్లలేదు. కర్రలు తేవడం పనేటి?"

అక్కడ కట్టెలు తేవడాన్ని ఎవరూ పని అనరు. ఆడవాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు చేసేది అది. ఇన్నేళ్లు ఆ బాటల్లో మోపులెత్తుకొచ్చే ఆడవాళ్లకు పక్కకు తప్పుకుని దారిచ్చినదాన్ని, నాకు తట్టి ఉండాల్సింది.

డోలీలో రోడ్డు దాకా మోసుకెళ్లి ఆసుపత్రికి చేర్చాం. బుద్రి బతికింది. బిడ్డ దక్కలేదు.

వార్డులో నా చెయ్యి పట్టుకుని, "నువ్వు సెప్పినవన్నీ సేసినాను, సిస్టరమ్మా. ఒక్కటీ మానలేదు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు కార్డు మీద రెస్ట్ అని రాసేముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడుగుతాను, కట్టెలెవరు తెస్తారని. మొగుడు తల గోక్కుంటాడు. అత్త గుమ్మం వైపు చూస్తుంది. ఐడిల్‌గా కూర్చున్నానని ఎవరేమన్నా అననీ, జవాబు వచ్చేదాకా నేను అక్కణ్ణించి లేవను.