శ్రమల దినాల్లో డాల్ఫిన్ పులుసు

మా చిన్నప్పుడు... శ్రమల దినాలు వచ్చాయంటే మా వాడలో ప్రతి ఇంటి కూరకుండ మూతా రత్నమ్మత్త ఎత్తి చూసేది. ఈస్టరు దాకా ఆ నలభై రోజులూ మాంసం, గుడ్డు ముట్టకూడదు. చేపలకు అడ్డు లేదు... జువ్వలదిన్నెలో సముద్రం ఒడ్డున ఉండి చేపలు కూడా వద్దంటే ఇంకేం తింటాం?

మా చెల్లెలు సుశీల పుట్టిన రోజే అమ్మ పోయింది. దాన్ని మేకపాలు పట్టి పెంచాం.

ఆ ఏడు సుశీలకు జ్వరం వచ్చి తగ్గింది. నీరసంగా ఉందని నాయన ఒక కోడిగుడ్డు ఉడకబెట్టి పెట్టాడు. సాయంత్రం ప్రార్థనలో రత్నమ్మత్త సుశీలను అందరి ముందూ నిలబెట్టింది.

"మేకపాలు తాగిన మేకపిల్ల గదా... దీనికి ఉపవాసం సంగతి ఏం తెలస్తాది?"

అందరూ నవ్వారు. మరునాటి నుంచి బడిలో పిల్లలు దాన్ని చూసి మేకల్లా అరవడం మొదలుపెట్టారు. సుశీల పలక మూలన పడేసి, ఇక బడికి పోనంది.

కొన్నాళ్ళు చూసి నాయన, "పోనీలే, రొయ్యలు ఒలిచేదానికి షెడ్డుకు పంపిద్దాం" అన్నాడు. షెడ్డుకు వెళ్ళిన ఆడపిల్ల మళ్ళీ బడికి రావడం నేను చూడలేదు...

ప్రార్థన చేసుకున్నాను. క్షమించే మనసు ఇమ్మని కాదు. సమయం చూపించమని.

అప్పుడే మా సైన్సు సారు క్షీరదాల పాఠం చెబుతున్నారు. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి, నెత్తురు వెచ్చగా ఉంటుంది, ఒంటి మీద కొన్నైనా వెంట్రుకలుంటాయి, పిల్లకు పాలిస్తాయి. వాటిలో గుడ్లు పెట్టేవి ఏవో కొద్ది, పిల్లను సంచిలో మోసేవి కొన్ని, మిగతావన్నీ కడుపులో పెంచి కనేవి... తిమింగలం, డాల్ఫిన్ నీళ్ళలో తిరిగినా చేపలు కావు, ఆవు లాగా, మన లాగా క్షీరదాలే అన్నారు.

ఆ రోజుల్లోనే ఒక డాల్ఫిన్ వలలో చిక్కుకుని, గాలి అందక చచ్చి ఒడ్డుకొచ్చింది. బతికుంటే మావాళ్ళు వల కోసైనా వదిలేసేవాళ్ళు. చచ్చినదాన్ని రత్నమ్మత్త భర్త కోశాడు. పొట్ట కింద కత్తి పడగానే తెల్లగా పాలు కారాయి. నేను పక్కనే ఉన్నాను.

"పెద్ద చేప. బాగా కొవ్వు పట్టింది" అన్నాడు మామ.

పాల సంగతి మనసులో దాచుకుని ఇంటికొచ్చాను.

శుక్రవారం ప్రార్థన వాళ్ళింట్లోనే. మా పాస్టరు అయ్యగారు ఉపవాసం, మంచినీళ్ళతో సరిపెట్టుకున్నారు. తక్కిన అందరికీ అన్నం, పులుసు. సుశీలకూ నాకూ కడుపునొప్పని చెప్పాను. ఆ రోజు నవ్విన వాళ్ళందరూ తిన్నారు. రత్నమ్మత్త రెండోసారి వడ్డించుకుని, వేళ్ళు నాకేదాకా ఆగాను.

"అయ్యగారూ, పిల్లకు పాలిచ్చేది చేపల్లోకి వస్తాదా, మాంసంలోకి వస్తాదా?"

"పాలిచ్చేది మాంసమే గదమ్మా. ఏం?"

"అత్త వండింది డాల్ఫిన్. కోస్తా ఉంటే పాలు కారినాయి. మామనే అడగండి."

మామ తల దించుకున్నాడు. "కారినాయి" అన్నాడు.

"నీళ్ళలో ఈదేది చేప గాక ఏందే?" అంది రత్నమ్మత్త.

"బాతు గూడా ఈదతాది గదత్తా."

ఎవరో వాకిట్లోకి వెళ్ళి ఉమ్మేశారు. అత్త పళ్ళెం పక్కకు జరిపింది. ఆమె ముఖం నాకిప్పటికీ గుర్తే... గుర్తు చేసుకున్నప్పుడల్లా హాయిగా ఉంటుంది.

ఆ తరువాత పిల్లలకు సుశీల ఊసే లేదు. రత్నమ్మత్త కనపడితే చాలు, "అత్తా, ఇయ్యాళ ఏం చేప?" అని అడిగేవాళ్ళు. సోమవారం సుశీల పలక తుడుచుకుని నా వెంట బడికి వచ్చింది.

ప్రతి ఏడూ శ్రమల దినాల్లో నేను ఎదురెళ్ళి మరీ "వందనాలత్తా, ఏం కూర?" అని అడిగేదాన్ని. మర్యాదగానే. ఆమె పోయేదాకా మానలేదు. క్షమించమని బైబిలు వాక్యం చెబుతుంది, రోజూ చదువుతాను... ఆమె దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తాను.

ఇప్పుడు పసిపిల్లల్ని ఏడిపించడం ఫోన్లలోకి పోయింది. అన్నది ఎవరో ముఖం కూడా కనపడదు... మా రోజుల్లో, ఎవరి ఎదుట కూర్చుని బదులు చెప్పాలో తెలిసేది.

మీ చెల్లినో తమ్ముడినో ఏడిపించినవాళ్ళు ఉన్నారా? ఏం చేశారు వాళ్ళను... రాయండి, తీరిగ్గా చదువుకుంటాను.