గట్టు మీద లైట్లు

మొగల్తూరు దగ్గర మా ఆర్మీ సహాయ క్యాంపుకు నేను చేరేసరికి ఉదయం ఆరున్నర. డిసెంబరు. తుఫాను పోయి పది రోజులైంది. బడి ఆవరణలో రెండు గుడారాలు, లోపల బల్ల మీద రెండు రేడియో సెట్లు. ఒకటి హెలికాప్టర్లతో మాట్లాడడానికి. రెండోది, చుట్టుపక్కల ఊళ్ళలో మేమిచ్చిన చేతి సెట్ల కోసం. నేను ఆపరేటర్ని. నాది భీమవరం పక్క ఊరే కాబట్టి, "మీవాళ్ళ మాట నీకే తెలుస్తుంది, కూర్చో" అని సుబేదారు గారు నన్నక్కడ కూర్చోబెట్టారు.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో కనబడిన ప్రతివాడూ యుద్ధం చూశారా అని అడుగుతాడు. నేను మనుషులు ముక్కలవడం చూసింది సరిహద్దులో కాదు, రొయ్యల చెరువులో. నవ్వకండి.

నేను చేరిన తొమ్మిదో రోజు, ఉదయం ఏడూ పది. పొగమంచు. చాచిన చెయ్యి కనపడటం లేదు. హెలికాప్టర్లు ఎగరొద్దని ఆర్డరు. అలాంటి పూట పైన సన్నగా ఇంజను మోత, హెలికాప్టర్ల సెట్టులో ఎవరిదో గొంతు.

"రాజమండ్రీ, వినపడుతోందా? గోదావరి కనిపించింది. రన్‌వే కనపడటం లేదు."

నాలుగు సీట్ల ప్రైవేటు విమానం. లోపల పైలట్, రొయ్యలు ఎగుమతి చేసే షావుకారు. మంచు చిరుగులోంచి వశిష్ఠ పాయను చూసి రాజమండ్రి అనుకున్నాడు.

"అయ్యా, మీరున్నది నరసాపురం పక్కన. ఇక్కడ రన్‌వే లేదు. పైకి లేవండి" అన్నాను.

"సార్‌కి అర్జెంటండి. పెట్రోలు కూడా తక్కువుంది."

వెనక నుంచి షావుకారు గొంతు: "పొగమంచేగా, దింపెయ్యవయ్యా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. వీడి అర్జెంటు మంచుకేం తెలుసు?

అప్పుడే రెండో సెట్టు పలికింది. చెరువుల దగ్గర మా చేతి సెట్టు పెట్టుకున్న రైతు రాజుగారు.

"ఏవండీ, విమానమేదో మా మీదే తిరుగుతోందండి. పాపం, నేలెక్కడుందో తెలియట్లేదేమో. గట్టు మీద లైట్లు వేయించమంటారా?"

రొయ్యల దొంగల భయంతో గట్టుకు రెండు పక్కలా తీగ లాగి బల్బులు కడతారు. తిన్నగా రెండు వరుసలు, మధ్యలో నల్లటి దారి. మా నాన్న చెరువుకూ ఉండేవి. పైనుంచి అదెలా కనిపిస్తుందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే నాకు తట్టేది. "వేయండి రాజుగారూ" అనేశాను. నేల ఎంత దగ్గరుందో చూసి భయపడి పైకి పోతాడనుకున్నాను.

పైలట్ గొంతులో సంతోషం. "హమ్మయ్య! రన్‌వే లైట్లు! దిగుతున్నా."

"అది రన్‌వే కాదు! చెరువు గట్టు! లేపు, లేపు!"

అతను బటన్ నొక్కిపట్టే ఉన్నాడు. నొక్కినంతసేపూ మన మాట అవతల వినపడదు. ఎత్తు చదువుతున్నాడు. రెండొందల అడుగులు. నూట యాభై. ఎనభై. నేను బల్ల గుద్దుతూ అరుస్తున్నాను. తర్వాత రేకు చీలిన చప్పుడు. షావుకారు కేక ఒకటి సగంలో తెగిపోయింది.

జీపులో పదకొండు నిమిషాలు. రెక్క విరిగి మోటారు షెడ్డును రెండుగా కోసింది. షావుకారు సీటుతో సహా గట్టు మీద పడున్నాడు. బెల్టు పెట్టుకునే ఉంది. నడుము కింద ఏమీ లేదు. నెత్తురూ పెట్రోలూ కలిసి చెరువులోకి కారుతున్నాయి.

మధ్యాహ్నం ఎస్సై వచ్చి, లైట్లు ఎవరు వేయమన్నారని అడిగాడు.

"నా అంతట నేనే వేశానండి. ఎవరూ చెప్పలేదు" అన్నారు రాజుగారు, నా వైపు చూడకుండా.

నేను ఆయన వెనకే నిలబడ్డాను. యూనిఫాంలో. నోరు మెదపలేదు. అంతకన్నా పిరికి పని నేను జీవితంలో చేయలేదు.

నెలాఖరుకు క్యాంపు ఎత్తేశారు. రెండు రోజుల సెలవిస్తే బస్సెక్కి ఇంటికెళ్ళాను. అందరూ తుఫాను కబుర్లు అడిగారు, చెప్పాను. ఇది చెప్పలేదు.

ఇన్నేళ్ళయినా ఒక్కటి కళ్ళ ముందు నుంచి పోదు. మేము జీపు దిగేసరికి రాజుగారు రొమ్ము లోతు నీళ్ళలో నిలబడి, పైలట్ తలను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. "బాబూ, కాస్త సాయం పట్టండి. వదిలేస్తే నీళ్ళు మింగేస్తాడు" అంటున్నారు. ఆ తలకు వెనక భాగం లేదు. ఆయన ఉన్న వైపు నుంచి అది కనపడటం లేదు.