ఈ నెల ఏడ్చిందా?

తొంభైల చివర, నాకు పద్నాలుగేళ్లప్పుడు, శామీర్‌పేటలో అవ్వ ఇంట్లో కట్టెల పొయ్యి ఊదుతుంటే ఊదుగొట్టం చేతిలోంచి జారిపోయింది. తీసుకుందామంటే కుడిచెయ్యి నా మాట వినలేదు. మూతి కూడా వంకరపోయింది. మా అమ్మ తల్లి ఈ అవ్వ. దిష్టి అనుకుని ఉప్పు, మిరపకాయలు తిప్పి అదే పొయ్యిలో వేసింది. కాసేపటికి చెయ్యి దానంతటదే తిరిగొచ్చింది. దిష్టి పోయిందని అందరం నమ్మాం. రెండోసారి వచ్చింది మాత్రం పూర్తిగా పోలేదు. వేళ్ల కొసల్లో తిమ్మిరి మిగిలిపోయింది.

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడుతున్నాయని పట్నం ఆసుపత్రిలో చెప్పారు. ఊపిరి గట్టిగా తీసి వదిలితే అవి ఇంకా ముడుచుకుంటాయట. పొయ్యి ఊదొద్దు, పరుగెత్తొద్దు, నీళ్లు తక్కువ తాగొద్దు, వెక్కి వెక్కి ఏడవొద్దు. మళ్లీ వస్తే చెయ్యి పోవచ్చు, మాటే పోవచ్చు.

నా ఈడు పిల్లలు ఈ జబ్బుతో ఎలా నెట్టుకొస్తున్నారో తెలుసుకోవడానికి అక్కడ ఒక డాక్టరమ్మ నెలనెలా ప్రశ్నలు అడిగేది. నీళ్లు ఎన్ని తాగుతోంది, నిద్ర ఎంతసేపు, మందు గోళీలు ఎప్పుడైనా మానిందా, ఏడ్చిందా. అడిగేది నా గురించి, చెప్పేది అమ్మ. నేను తిరిగే ఫ్యాను చూస్తూ కూర్చునేదాన్ని. చివరి ప్రశ్నకు మాత్రం అమ్మ గొంతు లేచేది.

“ఒక్కపారి గూడ ఏడ్వలే మేడం. ఉల్లిగడ్డలు గూడ కోయనిస్తలేను.”

డాక్టరమ్మ నవ్వింది. “కన్నీళ్లు వస్తే ఏం కాదమ్మా. వెక్కిళ్లు పెట్టి ఏడవకూడదు, అంతే.”

అమ్మ నమ్మితేగా! మేడ్చల్‌లో మా ఇంట్లో ఉల్లిగడ్డలు నాయినే కోసేవాడు, జీడిమెట్ల మందుల కంపెనీలో షిఫ్టు దిగి వచ్చి, భుజంతో కళ్లు తుడుచుకుంటూ. టీవీలో హీరోయిన్ ఏడుపు మొదలుపెడితే అమ్మ నన్ను చెత్త పారబోయడానికి పంపేది. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత అదీ రాలేదు. టెన్త్ పాసయ్యానని నాయిన మిఠాయి తెస్తే తిన్నాను, అంతే. వేళ్ల తిమ్మిరి లోపలికి కూడా పాకిందనుకునేదాన్ని.

ఆ ఎండాకాలమే అవ్వ చనిపోయింది.

మా దిక్కు చావింట్లో ఏడవని మనిషిని ఊరుకోనివ్వరు. దుఃఖం లోపలుంటే ప్రాణానికి చేటని, పట్టుకుని మరీ ఏడిపిస్తారు. అవ్వ పక్కన బొమ్మలా నిలబడ్డ నన్ను చూసి చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, నా మెడ చుట్టూ చేతులేసి రాగం తీసింది.

“ఏడ్వు బిడ్డా! నిన్నెట్ల సాదిందే, ఏడ్వు! లోపల పెట్టుకుంటె పానం కరాబైతది!”

ఇంకో ఇద్దరు వచ్చి నన్ను కుదిపారు. వాళ్లది ప్రేమే. ఊపిరి వేగం పెరిగింది. కుడిచేతి వేళ్లు మొద్దుబారుతున్నాయి. భయం కూడా నాది కాదన్నట్టే ఉంది.

అవ్వ కాళ్లమీద పడి ఏడుస్తున్న అమ్మ దిగ్గున లేచింది.

“దాన్ని ఇడిసిపెట్టుండ్రి!”

నన్ను పెరట్లోకి లాక్కొచ్చి, నీళ్లు తాగించి, వేళ్లు పిసుకుతూ కూర్చుంది. “మెల్లగ పీల్సు బిడ్డా. గట్లనే.” లోపల శవాన్ని లేపుతున్నారు. అమ్మను రెండుసార్లు పిలిచారు. నా చెయ్యి వదల్లేదు. వేళ్లు దారికొచ్చేసరికి డప్పులు వీధి చివరకు వెళ్లిపోయాయి. తల్లి శవం లేచేటప్పుడు కూతురి కంట నీళ్లు లేవని ఆడవాళ్లు అమ్మ ఎదుటే అనుకున్నారు.

ఇంటికొచ్చాక కూడా అమ్మ ఏడవలేదు. తను ఏడిస్తే నేనూ మొదలుపెడతానని భయం. ఒక సాయంత్రం వంటింట్లోకి వెళ్తే, కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. ముగ్గురికి వారం సరిపోయేన్ని కోసేసింది. చప్పుడు లేదు. నీళ్లు చెంపల మీదుగా గదవ దాకా కారుతున్నాయి.

“గిన్ని గడ్డలెందుకే అమ్మా?”

“ఊకెనే బిడ్డా.”

చాకు తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. వద్దంటుందనుకున్నాను. అనలేదు. ఒక గడ్డ నా ముందుకు జరిపింది. ఎడమచేత్తో వంకరటింకరగా కోశాను. కళ్లు మండి, నీళ్లు వచ్చి, ఆగలేదు. అవ్వ ఇక లేదని నాకు అప్పుడే తెలిసింది. మెల్లగా ఊపిరి పీల్చుకుంటూ, గంప ఖాళీ అయ్యేదాకా ఇద్దరం కోశాం.

పై నెల డాక్టరమ్మ ఎప్పటిలాగే అడిగింది. “ఈ నెల ఏడ్చిందా?”

అమ్మ నా వైపు చూసింది.

“లేదు మేడం,” అంది. “ఉల్లిగడ్డలు కోసింది.”