గుంజ మీద ఆరేసిన సెన్సార్

ఈ రోజు ఒకరిని ఏడిపిద్దామని వెళ్ళి నేనే బెంగ తెచ్చుకున్నాను. దెందులూరు దగ్గర మా అన్నయ్య చేపల చెరువులో ఆక్సిజన్ తగ్గితే ఫోను మోగేలా వాళ్ళమ్మాయి పైథాన్‌లో ప్రోగ్రాం రాసింది. చెరువు నుంచి వచ్చే రీడింగులు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చడానికి 'అసర్ట్ చెరువు క్షేమం' అని, అంతా బాగుంటే పచ్చ టిక్కు పడేలా సొంత టెస్టు కూడా రాసుకుంది. ఒకటే గొప్పలు!

పొద్దున్నే ఆ ఆక్సిజన్ కొలిచే సెన్సార్‌ని నీళ్ళలోంచి లాగి గుంజకి వేలాడదీశాను. ఫోను మోగి పిల్ల పరుగెత్తుకొస్తుందనుకున్నాను. మోగలేదు. ఇంటికి వెళితే లాప్‌టాప్ నిండా పచ్చ టిక్కులే.

"ఏమ్మా, చెరువు క్షేమమేనా?"

"చూడండి బాబాయ్, ఆక్సిజన్ ఎంత బాగుందో!"

"గాలిలో ఆక్సిజన్‌కేం లోటే? నీ సెన్సార్ గుంజ మీద ఆరేసొచ్చాను."

పిల్ల మొహం పాలిపోయింది. "తగ్గితేనే తప్పని రాశానండీ. అసలు నీళ్ళలో ఉందో లేదో చూడమని రాయలేదు."

ఇద్దరం పరుగెత్తి సెన్సార్‌ని నీళ్ళలో దించాం. లాగింది నేను కాబట్టి చెప్పాను. రేపు గాలివానకి అది గట్టు మీదకి కొట్టుకొస్తే ఎవరు చెబుతారు? అన్నయ్యేమో గట్టు మీద కాపలా మానేసి, ఆ ఫోను తలకింద పెట్టుకుని హాయిగా పడుకుంటున్నాడు.

మీ చెరువుల దగ్గర ఇంకా ఎవరైనా నీళ్ళ వంక చూస్తున్నారా అండీ?